స్పానిష్‌లో గాలి గురించి చెప్పాలంటే ‘ఆసె బ్యెంతో’ ఒక్కటే సరిపోతుందా?

మియాపూర్ మెట్రో | మంగళవారం, ఉదయం 8:40

అందరికీ నమస్కారం. మా టీమ్‌లో సగం మంది మెక్సికోలో ఉంటారు. కాల్ మొదలయ్యే ముందు వాళ్లు వాతావరణం గురించి కాసేపు మాట్లాడుకుంటారు. నిన్న రాత్రి మా వైపు గాలివాన గట్టిగా వచ్చింది. వీధిలో చెట్టు పడింది, కరెంటు పోయింది, మేడ మీద ఆరేసిన బట్టలు ఎటు కొట్టుకుపోయాయో తెలియదు. ఇదంతా వాళ్లకు స్పానిష్‌లోనే చెప్పాలని నాకు చాలా ఉంది. యాప్‌లో మాత్రం ‘ఆసె బ్యెంతో’ ఒక్కటే నేర్పారు. గాలి వీస్తోంది అని అర్థం. పిల్లగాలికీ ఈదురుగాలికీ అదే మాట వాడితే ఎలా? వాళ్లు నిజంగా ఏమంటారో తెలిసినవాళ్లు చెప్పండి. గురువారం కాల్ ఉంది. స్పానిష్ మాటలను తెలుగు లిపిలోనే రాయండి, నాకు ఉచ్చారణ అలాగే బాగా పట్టుబడుతుంది.

తార్నాక పాత విద్యార్థిని | మంగళవారం, ఉదయం 9:25

నేను ఇఫ్లూలో (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) స్పానిష్ చదివాను, ఇప్పుడు ఇంటి దగ్గర పాఠాలు చెబుతున్నాను. మంచి ప్రశ్న అడిగారు.

ముందు వాక్యం సంగతి చూద్దాం. ‘ఆసె’ అంటే ‘చేస్తుంది’. స్పానిష్‌లో ఎండైనా చలైనా గాలైనా ‘చేస్తుంది’ అనే చెబుతారు. ‘బ్యెంతో’ నామవాచకం కాబట్టి గాలి ఎక్కువగా ఉంటే ‘ఆసె ముచో బ్యెంతో’ అనాలి, ‘ముయ్ బ్యెంతో’ అనకూడదు. ‘ఆయ్ ముచో బ్యెంతో’ అన్నా సరైనదే, గాలి చాలా ఉంది అని. ‘ఎస్తా బెంతోసో’ అనే వాడుక లాటిన్ అమెరికాలో వినిపిస్తుంది. స్పెయిన్‌లో మాటల్లో గాలికి బదులు ‘ఐరె’ అని కూడా అంటారు.

ఇక గాలి బలం. హాయిగా తగిలేది ‘బ్రీసా’. మామూలు గాలి ‘బ్యెంతో’. గట్టిగా కొట్టేది ‘బెంతర్రోన్’, మెక్సికోలో ఇది రోజూ వినే మాట. ఇంకా ఉధృతమైతే ‘బెందబాల్’. ఉండుండి ఒక్కసారిగా విసురుగా వచ్చేది ‘ర్రాఫగా’ లేదా ‘ర్రాచా’. సుడిగాలి ‘ర్రెమొలీనో’. దుమ్మును లేపుకొచ్చే గాలిదుమారాన్ని మెక్సికోలో ‘తొల్బనేరా’ అంటారు. ఉరుములతో, వానతో హఠాత్తుగా విరుచుకుపడే గాలికి ‘తుర్బొనాదా’ అని మాట ఉంది. ఏప్రిల్, మే నెలల్లో మన హైదరాబాద్‌లో సాయంత్రం పూట వచ్చే గాలివానకు అర్థంలో దగ్గరగా ఉండేది ఇదే. కాకపోతే ఇది కొంచెం పుస్తకాల మాట. మీ టీమ్ వాళ్లకు ‘తొర్మెంతా’ అంటే చాలు, గాలివాన అని తెలిసిపోతుంది.

కానీ నా మాట వినండి, ఈ పేర్ల కంటే ముందు క్రియలు నేర్చుకోండి. పేర్లు ఎన్ని తెలిసినా క్రియ లేకపోతే వాక్యం కదలదు. గాలి ఏం చేసింది, దేన్ని పడేసింది, ఎప్పుడు తగ్గింది, ఇవే కదా మీరు చెప్పాలనుకుంటున్నవి:

‘సె లెబంతో బ్యెంతో’: గాలి లేచింది.
‘ఎల్ బ్యెంతో సోప్లా’: గాలి వీస్తోంది.
‘ఎల్ బ్యెంతో పేగా ఫ్వెర్తె’: గాలి గట్టిగా కొడుతోంది. తెలుగులో కూడా గాలి ‘కొడుతుంది’ కదా, ఇక్కడా అదే క్రియ.
‘అర్రెసియో’: ఉధృతమైంది.
‘అమైనో’: తగ్గుముఖం పట్టింది.
‘ఎల్ బ్యెంతో తుంబో ఉన్ ఆర్బోల్’: గాలికి చెట్టు పడిపోయింది.
‘సె ఫ్వే లా లూస్’: కరెంటు పోయింది.

చివరిదాన్ని ఇంగ్లిష్ మీదుగా అనువదించుకోవద్దు. ‘లూస్’ అంటే వెలుతురు, ‘సె ఫ్వే’ అంటే వెళ్లిపోయింది. మనం అనేదే వాళ్లూ అంటారు. వాళ్లు బదులుగా ‘యా బొల్బియో లా లూస్?’ అని అడుగుతారు, కరెంటు వచ్చిందా అని. ‘సీ, యా బొల్బియో’ అని చెప్పండి.

సైదాబాద్ రెండో సెమిస్టర్ | మంగళవారం, ఉదయం 10:02

మా పుస్తకంలో ఆ మాట ‘వి’ అక్షరంతో ఉంది. మీరు ‘బ్యెంతో’ అని రాస్తున్నారు. వీడియోల్లో ఒక్కొక్కరు ఒక్కోలా అంటున్నారు, నాకు ఇదే టెన్షన్.

తార్నాక పాత విద్యార్థిని | మంగళవారం, ఉదయం 10:30

టెన్షన్ అక్కర్లేదమ్మా. స్పానిష్‌లో ఆ రెండు అక్షరాలకూ ఒకటే ధ్వని. మాట మొదట్లో పెదవులు పూర్తిగా కలిసి మన ‘బ’లా వస్తుంది. రెండు అచ్చుల మధ్య వస్తే పెదవులు పూర్తిగా కలవవు, మెత్తగా వినిపిస్తుంది. అందుకే ఒకే మాట రెండు చోట్ల రెండు రకాలుగా విన్నట్టు అనిపిస్తుంది.

తెలుగువాళ్లకు ఇందులో ఒక పెద్ద లాభం ఉంది. ‘బ్యెంతో’లో ఉన్నది మన ‘త’నే, నాలుక పళ్లకు తగిలేది. ఇంగ్లిష్ అలవాటుతో ‘వియెంటో’ అంటే పరాయిగా వినిపిస్తుంది. ‘ర్రాఫగా’ మొదట్లో ఉన్న ర-కారాన్ని ‘గుర్రం’లో పలికినట్టు అదరించాలి. మొదట్లో ‘హ’లా కనిపించే అక్షరం పలకదు, అందుకే ‘ఆసె’, ‘ఉరకాన్’ (పెను తుఫాను). స్పెయిన్‌లో చాలామంది ‘ఆసె’లోని ‘స’ను నాలుకను పళ్ల మధ్య పెట్టి పలుకుతారు. మెక్సికో వాళ్లతో మాట్లాడేవారికి మామూలు ‘స’ చాలు.

మెహిదీపట్నం | మంగళవారం, ఉదయం 11:15

తెలుగు లిపిలో రాసుకోవడం మీద నాకు ఒక అభ్యంతరం ఉంది. ఊనిక ఎక్కడ పడుతుందో గుర్తుంచుకోవడానికి అందరూ దీర్ఘం పెట్టేస్తున్నారు: ‘బ్రీసా’, ‘ర్రాఫగా’ అని. స్పానిష్‌లో అచ్చులకు హ్రస్వ దీర్ఘాల తేడా లేదు. మనకు ఉంది. అందుకని మనవాళ్లు దీర్ఘాన్ని దీర్ఘంగానే సాగదీస్తారు. దీర్ఘం అంటే ‘ఇక్కడ నొక్కు’ అని గుర్తు మాత్రమే అనుకోవాలి, సాగదీయకూడదు. నిజంగా నేర్చుకోవాలనుకుంటే స్పానిష్ అక్షరాలనే చదవడం మంచిది. ఆ భాషలో రాసిందే పలుకుతారు కాబట్టి వారంలో పట్టుబడుతుంది.

తార్నాక పాత విద్యార్థిని | మంగళవారం, ఉదయం 11:32

సాగదీయకూడదన్న మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను. లిపి విషయంలో మాత్రం మొదట్లో తెలుగే మేలంటాను. ఆ అక్షరాలు కనబడగానే మన నోరు ఇంగ్లిష్‌లోకి జారుతుంది. మాట నోటికి అలవాటయ్యాక లిపి మార్చుకోవచ్చు.

పాలమూరు రైతుబిడ్డ | మంగళవారం, మధ్యాహ్నం 1:10

నేను సరదాకి నేర్చుకుంటున్నాను, ఉద్యోగం కోసం కాదు. ఒక మాట నాకు చాలా ఇష్టం, ఇక్కడ పెడుతున్నాను: ‘అబెంతార్’. కళ్లంలో గింజను గాలికి పోసి పొట్టు ఎగరగొట్టడం, అంటే మన తూర్పారబట్టడం. అందులో ఉన్నది గాలే. ‘గాలి ఉన్నప్పుడే తూర్పారబట్టుకోవాలి’ అని మా నాయనమ్మ అనేది. స్పెయిన్ రైతులకు కూడా ఆ పని తెలుసు, దానికి మాట ఉంది అని తెలిసినప్పుడు నాకు ఆ భాష మీద కొత్త ప్రేమ పుట్టింది. మెక్సికోలో ఇదే మాటను ‘విసిరేయడం’ అనే అర్థంలో రోజూ వాడతారు, కాబట్టి మియాపూర్ అన్నకు అక్కడ వినిపిస్తే వ్యవసాయం అనుకోవద్దు.

గాలి నుంచే పుట్టిన ఇంకో రెండు మాటలు: కిటికీ ‘బెంతానా’, ఫ్యాన్ ‘బెంతిలదోర్’. మన పాత ఇళ్లలో గోడకు పైన ఉండే చిన్న కిటికీని వెంటిలేటర్ అంటాం కదా, దాన్ని తలుచుకుంటే రెండూ ఒకేసారి గుర్తుండిపోతాయి.

విశాఖ నుంచి ఉప్పల్ | మంగళవారం, మధ్యాహ్నం 2:45

తుఫాను గాలికి ‘ఉరకాన్’ అంటే చాలా? 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నేను విశాఖలోనే ఉన్నాను. గంటకు 170–180 కిలోమీటర్ల గాలి. ఆ రోజు గురించి స్పానిష్‌లో రాయాలని ఉంది, మాటలు సరిగ్గా ఉండాలి.

తార్నాక పాత విద్యార్థిని | మంగళవారం, మధ్యాహ్నం 3:20

బంగాళాఖాతంలో వచ్చేదాన్ని ‘సిక్లోన్’ అనండి. ‘ఉరకాన్’ అనేది అట్లాంటిక్, తూర్పు పసిఫిక్ సముద్రాల్లో వచ్చేవాటికి పెట్టే పేరు. ఆ మాట కరీబియన్ దీవుల్లోని తాయినో ప్రజల భాష నుంచి స్పానిష్‌లోకి వచ్చింది, ఇంగ్లిష్ దాన్ని స్పానిష్ నుంచే తీసుకుంది. అయితే గాలి బలం చెప్పడానికి ‘బ్యెంతోస్ ఉరకనాదోస్’ అని తుఫాను ఏదైనా సరే వాడొచ్చు.

మీరు రాసేటప్పుడు ఇంకో రెండు మాటలు తప్పక పనికొస్తాయి. తుఫాను కన్ను ‘ఓఖో’. కన్ను మీదుగా దాటేటప్పుడు గాలి ఆగి, మళ్లీ ఎదురు దిక్కు నుంచి కొడుతుంది కదా, అలా గాలి దిక్కు మారడాన్ని ‘ర్రొలార్’ అంటారు. ‘ఎల్ బ్యెంతో ర్రొలో’ అంటే గాలి దిక్కు మారింది. ఓడలవాళ్ల మాట ఇది, మీ విశాఖకు సరిగ్గా సరిపోతుంది. ఆ రోజు గురించి రాస్తే ఇక్కడ పెట్టండి, చదవాలని ఉంది.

బేగంపేట వానలు | మంగళవారం, సాయంత్రం 5:05

వాతావరణ వార్తలు క్రమం తప్పకుండా చూసేవాడిని, అందుకే ఈ చర్చలోకి వచ్చాను. గాలికి సంబంధించిన ఒక స్పానిష్ మాట ఇప్పటికే ప్రతి తెలుగు రైతు నోటా ఉంది: ఎల్ నినో. సరిగ్గా పలికితే ‘ఎల్ నీఞో’, మన అక్షరమాలలోని ‘ఞ’ ధ్వని అది. ‘బాలుడు’ అని అర్థం. పెరూ తీరంలో క్రిస్మస్ రోజుల్లో సముద్రం వేడెక్కడం చూసి అక్కడి జాలర్లు బాల యేసు పేరు పెట్టారు.

దీని వెనుక ఉన్నదీ గాలే. పసిఫిక్ మీద తూర్పు నుంచి పడమరకు నిరంతరం వీచే గాలులను స్పానిష్‌లో ‘బ్యెంతోస్ అలీసియోస్’ అంటారు. అవి గోరువెచ్చటి నీటిని ఇండోనేషియా వైపు నెడుతూ ఉంటాయి. ఆ గాలులు బలహీనపడితే వేడి నీరు తిరిగి దక్షిణ అమెరికా వైపు చేరుతుంది. పెరూలో వరదలు వస్తాయి, మన నైరుతి రుతుపవనాలు తడబడే అవకాశం పెరుగుతుంది. ప్రతిసారీ అలా జరగాలని లేదు. 1997లో బలమైన ఎల్ నినో ఉన్నా మన దేశంలో వానలు మామూలుగానే పడ్డాయి. 2009లోనూ 2015లోనూ దెబ్బతీసింది.

‘లోస్ అలీసియోస్ సె దెబిలీతన్’, అంటే అలీసియో గాలులు బలహీనపడుతున్నాయి. లిమా నుంచో బొగోతా నుంచో వచ్చే వార్తల్లో ఈ వాక్యం వింటే మహబూబ్‌నగర్‌లో పత్తి వేసిన రైతుకు కూడా అందులో విషయం ఉంది. భాష నేర్చుకోవడానికి నాకు ఇంతకంటే మంచి కారణం కనిపించలేదు.

సైదాబాద్ రెండో సెమిస్టర్ | మంగళవారం, సాయంత్రం 5:20

ఇది మా సార్ కూడా చెప్పలేదు. చాలా థాంక్స్ అండి.

చార్మినార్ గాలిపటం | మంగళవారం, రాత్రి 8:15

గాలి అంటే నాకు సంక్రాంతే. గాలిపటానికి స్పెయిన్‌లో ‘లా కొమేతా’ అంటారు. ‘ఎల్ కొమేతా’ అంటే తోకచుక్క, ముందున్న చిన్న మాట మారితే అర్థం మారిపోతుంది. మెక్సికోలో మాత్రం ‘పపలోతె’. అక్కడి నావాటల్ భాషలో సీతాకోకచిలుకను ‘పపాలోత్ల్’ అనేవారు, దాని నుంచి వచ్చింది. అర్జెంటీనాలో ‘బర్రిలేతె’, చిలీలో ‘బొలంతీన్’. గ్వాటెమాలాలోని సుంపాంగో ఊళ్లో నవంబర్ 1న చనిపోయినవాళ్లను తలుచుకుంటూ మనిషికి చాలా రెట్లు పెద్దవైన గాలిపటాలు నిలబెడతారు.

చిలీ వాళ్లకు మనలాగే పేచీలు ఉన్నాయి. గాజుపొడి పూసిన దారాన్ని ‘ఈలో కురాదో’ అంటారు, అంటే మన మాంజా. మనుషుల గొంతులు కోస్తోందని అక్కడ దాన్ని చట్టంతో నిషేధించారు. ఇక్కడ చైనా మాంజా మీద నిషేధం ఉన్నా ఏటా పక్షులు, బండి మీద వెళ్లేవాళ్లు గాయపడుతూనే ఉన్నారు. దయచేసి నూలు దారమే వాడండి.

మియాపూర్ అన్నా, మీ మెక్సికో వాళ్లతో ‘ఫెబ్రేరో లోకో ఇ మార్సో ఓత్రో పోకో’ అని చూడండి. ఫిబ్రవరికి పిచ్చి, మార్చికి ఇంకాస్త అని. ఆ నెలల్లో గాలీ ఎండా చలీ ఎలా మారతాయో చెప్పే సామెత, అక్కడ అందరికీ తెలుసు.

మణికొండ, మాడ్రిడ్ క్లయింట్ | బుధవారం, ఉదయం 9:00

స్పెయిన్‌తో పనిచేసేవాళ్లకు వేరే జాబితా కావాలి. అక్కడ ఒక్కో ప్రాంతపు గాలికి ఒక్కో పేరుంది. సరగోసా వైపు ఎబ్రో లోయలో వాయవ్యం నుంచి వచ్చే చల్లటి పొడిగాలి ‘సియెర్సో’. కాటలోనియా ఉత్తరాన, మెనోర్కా దీవిలో ఉత్తరపు గాలి ‘త్రమొంతానా’. జిబ్రాల్టర్ జలసంధి దగ్గర తూర్పుగాలి ‘లెబాంతె’, పడమటిగాలి ‘పొనియెంతె’. మనం తూర్పుగాలి అన్నప్పుడు తూర్పు నుంచి వచ్చేది అనే కదా, వాళ్ల లెక్కా అదే. బిస్కే అఖాతం తీరంలో ఉన్నట్టుండి విరుచుకుపడేది ‘గలేర్నా’.

మెహిదీపట్నం | బుధవారం, ఉదయం 9:40

సమాచారం బాగుంది, కానీ కొత్తవాళ్ల మీద ఇన్ని పేర్లు కుమ్మరించడం నాకు నచ్చదు. సరగోసా వెళ్లనివాడికి ‘సియెర్సో’ ఎందుకు? ఇలాంటి జాబితాలు చూసి భయపడి వదిలేసినవాళ్లను నేను చూశాను.

మణికొండ, మాడ్రిడ్ క్లయింట్ | బుధవారం, ఉదయం 10:10

మీ బాధ అర్థమైంది. అయినా, అవతలి మనిషి ఊరి గాలి పేరు మీ నోట వస్తే ఆయన ముఖం వెలిగిపోతుంది. సరగోసా ఆయనతో పని ఉంటే ఆ ఒక్క పేరు నేర్చుకోండి, అంతే. అన్నీ అక్కర్లేదు.

అందరికీ అవసరమైనవి స్పెయిన్ వాతావరణ సంస్థ అఎమెట్ వాడే మాటలు: గంటకు 6 నుంచి 20 కిలోమీటర్ల గాలి ‘ఫ్లోఖో’, 21–40 ‘మొదెరాదో’, 41–70 ‘ఫ్వెర్తె’, 71–120 ‘ముయ్ ఫ్వెర్తె’, 120 దాటితే ‘ఉరకనాదో’. సూచన చదివేటప్పుడు ‘ర్రాచాస్ ముయ్ ఫ్వెర్తెస్’ అని కనిపిస్తే ఆ రోజు అక్కడివాళ్ల విమానాలు, రైళ్లు ఆలస్యం కావచ్చని ముందే అనుకోవచ్చు.

తార్నాక పాత విద్యార్థిని | బుధవారం, ఉదయం 11:00

అవతలి మనిషి ఊరిని బట్టి ఒక్క పేరు, నాకూ ఇదే సబబు అనిపిస్తుంది. మెక్సికోలో వెరాక్రూస్ వాళ్లుంటే ‘నోర్తె’ నేర్చుకోండి, చలికాలంలో గల్ఫ్ తీరాన్ని కొట్టే ఉత్తరపు గాలి. అర్జెంటీనాలో మెందోసా, సాన్ హువాన్ వాళ్లుంటే ‘సోందా’. ఆండీస్ పర్వతాలు దిగి వచ్చే వేడి పొడిగాలి, బాగా వీస్తే బడులకు సెలవిస్తారు. మన వడగాలి తెలిసినవాళ్లకు వివరించాల్సిన పని లేదు.

మియాపూర్ మెట్రో | బుధవారం, రాత్రి 9:30

అందరికీ ధన్యవాదాలు. ఇలా రాసుకున్నాను, చూడండి:

‘అనోచె ఈసో ముచో బ్యెంతో ఎన్ హైదరాబాద్. ప్రిమేరో అబీయా ఉనా బ్రీసా, పేరో ఆ లాస్ ఓచో సె లెబంతో ఉన్ బెంతర్రోన్. ఎల్ బ్యెంతో తుంబో ఉన్ ఆర్బోల్ ఎన్ మి కాయె ఇ సె ఫ్వే లా లూస్. సె మె బొలో లా ర్రోపా దె లా అసొతేయా. ఆ లాస్ దియెస్ అమైనో.’

రాత్రి హైదరాబాద్‌లో గాలి బాగా వీచింది. మొదట పిల్లగాలి, ఎనిమిదింటికి ఈదురుగాలి లేచింది. మా వీధిలో చెట్టు పడింది, కరెంటు పోయింది. మేడ మీది బట్టలు ఎగిరిపోయాయి. పదింటికి తగ్గింది.

తార్నాక పాత విద్యార్థిని | బుధవారం, రాత్రి 10:05

చాలా బాగుంది. ‘సె మె బొలో’ ఎక్కడ పట్టారో గానీ సరిగ్గా వాడారు. నేను ఎగరేయలేదు, నాది ఎగిరిపోయింది అనే భావం అందులో ఉంది. గొడుగు ఎగిరిపోయినా ‘సె మె బొలో ఎల్ పరాగ్వాస్’ అంటే సరి.

గాలివాన సోమవారం వచ్చింది, మీ కాల్ గురువారం. కాబట్టి ‘అనోచె’ తీసి ‘ఎల్ లూనెస్ పోర్ లా నోచె’, సోమవారం రాత్రి అని పెట్టండి. ఇక ‘ఈసో’, ‘అసీయా’ తేడా. జరిగి అయిపోయినదాన్ని చెబితే ‘ఈసో’: సోమవారం గాలి వీచింది. గాలి వీస్తూ ఉండగా ఇంకేదో జరిగితే ‘అసీయా’: ‘అసీయా ముచో బ్యెంతో క్వాందో సలీ దె లా ఒఫిసీనా’, ఆఫీసు నుంచి బయల్దేరేటప్పటికి గాలి బాగా వీస్తోంది. ఒక్క వాక్యం ఇలా చేరిస్తే కథలా నడుస్తుంది.

ఏమీ తోచకపోతే ‘కె బ్యెంతో!’ అనండి. ‘అబ్బ, ఏం గాలి!’ అని మనం ఎలా అంటామో అలాగే.

సైదాబాద్ రెండో సెమిస్టర్ | బుధవారం, రాత్రి 10:20

చివరగా ఒకటి. గాలికి తలుపు దభాలున కొట్టుకుంటే ఏమంటారు? మా హాస్టల్‌లో రోజూ అదే.

తార్నాక పాత విద్యార్థిని | బుధవారం, రాత్రి 10:34

‘లా ప్వెర్తా దియో ఉన్ పొర్తాసో.’ ఆ చప్పుడుకే ‘పొర్తాసో’ అని పేరు. రెండు వైపులా తెరిచి ఉంచితే గాలి దూసుకొస్తుంది కదా, దాన్ని ‘కొర్రియెంతె’ అంటారు. ‘సియెర్రా లా బెంతానా, కె ఆయ్ కొర్రియెంతె’ అంటే కిటికీ మూసెయ్, గాలి కొడుతోంది అని. ఫ్యాన్ వేయమనాలంటే మెక్సికోలో ‘ప్రెందె ఎల్ బెంతిలదోర్’, స్పెయిన్‌లో ‘ఎన్సియెందె’.